ముదీర్‌కి మిల్లీరెమ్ములు, లేబర్‌కి సీవర్టులు

నేను దుబాయ్‌లో ఎక్స్‌రే పని చేశానంటే మా నెల్లూరులో జనం ముందు అడిగేది, "ఏ ఆస్పత్రిలో భాయ్?" అని. ఆస్పత్రి కాదు, ఇనప గొట్టాలకు ఎక్స్‌రే తీసేవాణ్ణి అంటే నవ్వుతారు. మా పెద్ద బావమరిది అయితే ఇప్పటికీ నమ్మడు. నేను సెలవుకు వచ్చిన ప్రతిసారీ చొక్కా విప్పి, "ఇక్కడ పట్టేసినట్టుంది బావా, ఒకసారి చూడరాదూ" అనేవాడు. నేను చూసేది వెల్డింగు, నీ ఎముకలకు వెల్డింగు లేదు అని చెప్పి చెప్పి విసుగొచ్చి, చివరకు "బానే ఉంది, నూనె వస్తువులు తగ్గించు" అనడం మొదలుపెట్టాను. తగ్గించాడు కూడా. మనిషి ఇప్పుడు బాగా తేలికపడ్డాడు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్త పిల్లలు వస్తున్నారు. చేతినిండా సర్టిఫికెట్లు, జేబులో కాలిక్యులేటర్లు. "అంకుల్, అక్కడ ఎట్టా ఉంటుంది?" అని అడుగుతారు. ఎండగా ఉంటుంది నాయనా, ఇంకెట్టా ఉంటుంది. నా ప్రమోషన్ల కథలు చెప్పను, చెప్పుకోదగ్గవి లేవు కూడా. ఒక తాడు గురించి, ముదీర్ అని పిలిచే మా మేనేజరు గురించి, పోచయ్య అనే మనిషి గురించి చెప్తాను. ఈ ఉద్యోగం ఏమిటో అందులోనే తెలుస్తుంది.

రెండుకు తాడు

మా కంపెనీ యార్డు దుబాయ్ అవతల ఉమ్ అల్ క్వైన్‌లో. నేనుండే గది మధ్యలో అజ్మాన్‌లో, అద్దె తక్కువని. రోజూ కంపెనీ బస్సులో పోయి రావడం. యార్డులో పెద్ద పెద్ద గొట్టాలను అతికేవాళ్లు. అతుకు పైకి నున్నగా, పెళ్లికొడుకులా ఉంటుంది. లోపల బుడగ ఉందో పగులు ఉందో ఎవడికి తెలుసు? అది కనిపెట్టడం మా పని. గొట్టానికి ఒక పక్క ఫిల్ము చుట్టి, ఇంకో పక్కకు ఇరిడియం ముక్కను తోస్తాం. ఆ ముక్క గోరంత ఉంటుంది. మామూలుగా బరువైన డబ్బాలో దాక్కుని ఉంటుంది. దూరంగా నిలబడి కేబుల్ తిప్పితే బయటికొస్తుంది, కొన్ని నిమిషాలుంచి మళ్లీ లోపలికి లాగేస్తాం. దీన్నే యార్డులో షూటింగ్ అనేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు హీరోయిన్ ఎవరని అడిగేవాళ్లు.

ముక్క బయట ఉన్నంతసేపూ దానినుంచి కిరణాలు వస్తాయి. కంటికి కనపడవు, వాసన రాదు, చర్మానికి వేడి తగలదు. ఏమీ తెలియదు కాబట్టి ఎవడికీ భయం లేదు. యార్డులో జనం బల్లికి భయపడేవాళ్లు, మా డబ్బా మీద కూర్చుని టీ తాగేవాళ్లు.

ఈ కిరణాలకు మందు ఒకటే, దూరం. నాకు పని నేర్పిన ముసలి ఇంగ్లీషు దొర ఒకాయన ఉండేవాడు. ఎండకు మొహం టమాటా పండులా ఉండేది. ఆయన నేర్పిన పద్ధతి ఇదీ: షూటింగ్ జరిగేటప్పుడు మీటరు చేతబట్టుకుని కొలుచుకుంటూ పో. ముల్లు రెండు చూపించినచోట తాడు కట్టు. తాడు లోపల నరమానవుడు ఉండకూడదు. యార్డులో వంటమనిషి దాకా అందరికీ ఈ మాట నోటికొచ్చు, "రెండుకు తాడు." ఆ రెండు అంటే గంటకు రెండు మిల్లీరాంట్‌జెన్లని ఎవరూ విడమరిచి అనుకునేవాళ్లు కాదు. యార్డులో మీటరు ఒకటే, అమెరికా సరుకు, దానికి వేరే కొలత రాదు. అట్టా కట్టిన తాడు గేటు దగ్గరికి వచ్చేది. అంటే షూటింగ్ అన్నప్పుడల్లా యార్డు మొత్తం ఖాళీ చేయాలి. గ్రైండర్లు ఆగాలి, క్రేన్ ఆగాలి, అందరూ గేటు బయట ఎండలో నిలబడాలి. మా ముదీర్ ఈ పద్ధతిని చూసి పళ్లు నూరేవాడు.

కొత్త పేర్లు

ముదీర్ గురించి చెప్పాలి. బొంబాయి మనిషి, ఇంజనీరు, మంచి ఇస్త్రీ బట్టలు. కఫీల్, అంటే కంపెనీ యజమాని, అరబ్బీ పెద్దమనిషి, నెలకోసారి వచ్చి ఖహ్వా కాఫీ తాగి పోయేవాడు. మిగతా రోజుల్లో యార్డుకు సుల్తాను ముదీరే. ఆయనకు వెల్డింగు తెలుసు, లెక్కలు తెలుసు, మనుషుల పేర్లు మాత్రం తెలియవు. అందర్నీ "అరే లేబర్" అని పిలిచేవాడు. ఎవరు తిరిగి చూస్తే వాళ్లకు పని చెప్పేవాడు.

ఆ రోజుల్లోనే కిరణాల కొలతలకు కొత్త పేర్లొచ్చాయి. పిల్లలూ, ఇది కాస్త జాగ్రత్తగా వినండి, పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక వస్తువు ఎంత కిరణశక్తిని పీల్చుకుందో చెప్పే కొలతను పాతకాలంలో రాడ్ అనేవాళ్లు, ఇప్పుడు గ్రే అంటున్నారు. అది మనిషి ఒంటికి ఎంత చెరుపు చేస్తుందో చెప్పేది అప్పుడు రెమ్, ఇప్పుడు సీవర్టు. మేం వాడే గామా కిరణాలకు రాంట్‌జెనూ, రాడూ, రెమ్మూ ఇంచుమించు ఒకటే అంకె. పాత అంకెను వందతో భాగిస్తే కొత్తది వస్తుంది. ఒక గ్రే అంటే వంద రాడ్లు, ఒక సీవర్టు అంటే వంద రెమ్ములు. ఇంతే యవ్వారం.

ముదీర్ గారు దీని మీద మాకు క్లాసు పెట్టారు. గోడకు రంగుల చార్టు తగిలించి, పుల్లతో చూపిస్తూ, "ఏక్ గ్రే బరాబర్ సౌ రాడ్. ఏక్ సీవర్ట్ బరాబర్ సౌ రెమ్. ఖలాస్. యల్లా, కామ్ కరో" అన్నారు. మేం తెచ్చుకున్న టీ చల్లారకముందే క్లాసు అయిపోయింది. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. చార్టు కింద ఆయన సంతకం కూడా ఉంది.

కొత్త కొలతలో ఒక సుఖముంది. అంకె ఎప్పుడూ చిన్నదిగా కనపడుతుంది. చిన్న అంకెను చూస్తే పెద్దవాళ్లకు ఎంత ఆనందమో నాకు ఆ తర్వాతే తెలిసొచ్చింది.

నీడ దొరికింది

నేను సెలవు మీద నెల్లూరు పోయాను. నేను లేనప్పుడు అమెరికా మీటరు కింద పడి పగిలింది. యూరప్‌నుంచి కొత్తది తెప్పించారు. మంచి మీటరే, ముద్దుగా ఉంది. కాకపోతే అది చూపించేది మిల్లీసీవర్టుల్లో.

సెలవు అయిపోయి యార్డులో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. గేటు దగ్గర తాడు లేదు. లోపల వెల్డింగు మెరుపులు కనపడుతున్నాయి, క్రేన్ తిరుగుతోంది. షూటింగ్ లేదులే అనుకుంటూ లోపలికి నడిచాను. నీళ్ల ట్యాంకు పక్కన, గొట్టానికి పది పదిహేను అంగల్లో తాడు కట్టి ఉంది. తాడుకు ఇవతల ట్యాంకు నీడలో గ్రైండింగ్ గ్యాంగ్ అంతా టిఫిన్లు విప్పుకుని తింటున్నారు. అందరికంటే ముందు, తాడుకు వీపు ఆనించి పోచయ్య కూర్చున్నాడు.

పోచయ్యది జగిత్యాల పక్క పల్లె. పెళ్లయిన కొత్తలోనే దుబాయ్ వచ్చేశాడు. కొద్దిరోజుల్లో మొదటి సెలవు మీద ఊరికి పోబోతున్నాడు. భార్యకు గాజులు కొన్నాడు, పుట్టబోయే బిడ్డకు స్వెటర్ కూడా కొన్నాడు. బిడ్డ ఇంకా ఎవరి కడుపునా పడలేదు, జగిత్యాలలో చలీ అంతంతమాత్రమే. లేబర్ క్యాంపులో అందరూ దాని మీదే ఆటపట్టించేవాళ్లు.

"ఖాదర్ సాబ్! ఎప్పుడొచ్చిండ్రు? ఇంటికాడ అందరు మంచిగున్నరా?" అన్నాడు నన్ను చూసి.

"నేను బాగానే ఉన్నా. ఇక్కడెందుకు కూచున్నావ్? షూటింగ్ జరుగుతోందా?"

"అవు సాబ్, నడుస్తున్నది. ఇంతకుముందు ఎండల గేటు బయటికి తోలుతుండిరి. ఇప్పుడు కొత్త మిషిన్ అచ్చింది గద, దానికి రేడియేషన్ తక్కువనట. మాకు నీడ దొరికింది."

"లేవండి! గేటు బయటికి పరిగెత్తండి!" అని అరిచాను. అన్నాలు వదిలి పరిగెత్తారు పాపం. కేబుల్ దగ్గరున్న జోసెఫ్, మలయాళీ కుర్రాడు, నా అసిస్టెంటు, ముక్కను డబ్బాలోకి లాగేశాడు.

"ఏంది జోసెఫ్ ఇది?"

"రెండుకే కట్టాను సార్" అన్నాడు వాడు. నిజమే, మీటరు ఆ తాడు దగ్గర రెండే చూపించింది. రెండు మిల్లీసీవర్టులు. పాత లెక్కలో రెండు వందలు.

పదో వంతు దూరానికి దగ్గరైతే కిరణాలు వంద రెట్లు తగులుతాయి. యార్డు మొత్తం ఆ లెక్క చేసి, సరిగ్గా వంద రెట్లు తెచ్చిపెట్టుకుని, దాని పక్కన కూర్చుని పప్పన్నం తింటున్నారు. గోడ మీద చార్టు, కింద సంతకం.

అంకెకు పాస్‌పోర్టు

ఆఫీసుగా పెట్టుకున్న రేకుల గదిలో, అదే పోర్టా క్యాబిన్‌లో, ముదీర్ మహా హుషారుగా ఉన్నాడు. "ఆవో ఖాదర్! చూశావా యార్డు? ఇప్పుడు ఎవరూ పని ఆపక్కర్లా. లేబర్ పక్కనే ఉండగా షూటింగ్ అయిపోతోంది. అప్పటి దొర మన టైమంతా తినేశాడు."

నేను విషయం చెప్పాను. ఆయన పిల్లవాణ్ణి ఓదార్చినట్టు నవ్వాడు. "అరే భాయ్, రూలు ఏమంటోంది? రెండుకు తాడు. రెండుకే కట్టారు కదా. రెండంటే రెండే, అంకెకు పాస్‌పోర్టు ఉంటుందా?"

"ఉంటుంది సార్. ఆ రెండు మిల్లీరాంట్‌జెన్లు. ఈ రెండు మిల్లీసీవర్టులు. వంద రెట్లు."

"వందతో భాగించాలని నేనే కదా క్లాసులో చెప్పింది?"

"చెప్పారు. కానీ తాడు దగ్గర ఎవరూ భాగించలా."

మాట ఆయన చెవికి ఎక్కితే కదా. గోడ మీద గొట్టాల లెక్క చూపిస్తాడు, ఈ నెలలో ఎన్ని అతుకులు ఎక్కువైనాయో చూపిస్తాడు. నాకు ఒళ్లు మండిపోతోంది. చివరకు జోసెఫ్‌ను పిలిచి, "ఈ క్యాబిన్‌లో ఎప్పుడైనా కొలిచావా?" అనడిగాను.

"కొలిచాను సార్. ముదీర్ సార్ కుర్చీ దగ్గర పాయింట్ టూ."

"దేఖా?" అన్నాడు ముదీర్, చంకలు గుద్దుకుంటూ. "రెండు కూడా లేదు."

"పాత లెక్కలో అది ఇరవై సార్. తాడు కట్టాల్సింది రెండుకు. అంటే మీ కుర్చీ తాడు లోపలుంది."

ఆ మనిషి కుర్చీలోంచి లేచిన తీరు మీరు చూసి ఉండాల్సింది. తేలు కుట్టినవాడు నయం. ఇంతసేపూ అర్థంకాని భాగహారం ఒక్క క్షణంలో అర్థమైపోయింది. అరగంటలో తాడు గేటు దగ్గరికి పోయింది. సాయంత్రానికల్లా క్రేన్ పెట్టి క్యాబిన్‌ను గేటు అవతలికి మార్పించాడు. ఏసీ తీగ అందకపోతే కొత్త తీగ తెప్పించాడు. గ్యాంగ్‌కు గేటు బయట ఒక నీడ వేయించండి సార్ అంటే, "దేఖేంగే, చూద్దాం" అన్నాడు. నేను ఆ యార్డులో ఉన్నంతకాలం చూస్తూనే ఉన్నారు.

ఎవరికి ఏ కొలత

"నాకెంత తగిలింది?" అన్నది ఆయన తర్వాతి ప్రశ్న. గ్యాంగ్‌కు ఎంత తగిలిందని అడగలా.

గ్యాంగ్‌కు ఛాతీ మీద పెట్టుకునే ఫిల్మ్ బ్యాడ్జీలు లేవు, వాళ్లు కిరణాల పనివాళ్లు కాదు కాబట్టి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, షూటింగ్ ఎంతసేపు నడిచింది అని ఒక్కొక్కరినీ అడిగి లెక్క కట్టాను. ముదీర్‌ది దాదాపు నలభై మిల్లీరెమ్ములు. మధ్యాహ్నాలు ఎక్కువగా ఇంటికే పోయేవాడు, అది ఆయన అదృష్టం. పోచయ్యది అందరికంటే ఎక్కువ, దాదాపు పన్నెండు వందలు. ఆ రోజుల్లో మాలాంటి పనివాళ్లకు ఏడాదికి ఐదువేల దాకా ఒప్పుకునేవాళ్లు. కిరణాలతో సంబంధం లేనివాళ్లకు ఐదువందలు.

ముదీర్ టైపిస్టును పిలిచి హెడ్డాఫీసుకు రిపోర్టు చెప్పడం మొదలుపెట్టాడు. "లేబర్, అత్యధికంగా, సున్నా పాయింట్ సున్నా ఒకటి రెండు సీవర్టులు. మేనేజరు, నలభై మిల్లీరెమ్ములు."

విన్నారా? గ్యాంగ్‌కు సున్నా పాయింట్ సున్నా. ఆయనకు నలభై! చదివినవాడికి ఎవడి మీద జాలి పుట్టాలి?

"రెండూ ఒకే కొలతలో రాయండి సార్" అన్నాను.

"లేబర్‌కు కొత్త రూలు. నాకు పాతదే అలవాటు" అన్నాడు, కళ్లలోకి చూస్తూనే. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఎన్నో రకాల తప్పులు చూశాను. తెలియక చేసే తప్పుకు క్లాసు చెప్పొచ్చు. ఇది తెలిసి చేసింది. ఆ మనిషికి భాగహారం నాకంటే బాగా వచ్చు.

నలభై చూసి హెడ్డాఫీసువాళ్లు బెంబేలెత్తి టిక్కెట్టు పంపారు. ముదీర్ రక్తపరీక్షలకు బొంబాయి పోయాడు.

పోచయ్య అడిగింది

శుక్రవారం సెలవు రోజున అజ్మాన్‌లో నా గదికి వెతుక్కుంటూ పోచయ్య వచ్చాడు. స్వెటర్ జోకులకు పడి పడి నవ్వే మనిషి, ఆ రోజు కింద చూస్తూ మాట్లాడాడు.

"సాబ్, ఈ రేడియేషన్ తలిగితే పిల్లలు పుట్టరంట గద. క్యాంపుల అందరు అంటున్నరు. నిజం చెప్పుండ్రి. పుట్టరంటే నేను ఊరికి పోయి ఆ పిల్లకు ఏం మొఖం చూపియ్యాలె?"

"పుడతారు పోచయ్యా. నీకు తగిలినదానికి అట్టా ఏమీ కాదు. అది జరగాలంటే దీనికి ఎన్నో రెట్లు ఒకేసారి తగలాలి. నీకు తగలకూడనిది తగిలింది, అది కంపెనీ తప్పు. కానీ పిల్లలకు దిగుల్లేదు."

ఇది నిజం. ఇప్పుడడిగినా ఇదే చెప్తాను. పోచయ్య మాత్రం నమ్మలా.

"ముదీర్ సాబ్‌కు ఎంత తలిగింది?"

"నలభై."

"నాకు?"

"అదే లెక్కలో పన్నెండు వందలు."

"మరి ఏం కాదంటే ఆయనెందుకు బొంబాయి పోయిండు? అయ్యేది ఉంటే నన్నెందుకు తోలలే?"

ఈ లెక్క ముసలి దొర నేర్పలా, చార్టులో లేదు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

ఆ వారం మీటింగుకు మా గొట్టాలు కొనేవాళ్ల తరఫు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. స్కాట్లాండు మనిషి, మాటలు తక్కువ. నేను బ్లాక్‌బోర్డు మీద ముదీర్‌ది, గ్యాంగ్‌లో ప్రతివాడిదీ, పేరు పేరునా ఒకే కొలతలో రాశాను. నలభై కింద పన్నెండు వందలు. ఇన్‌స్పెక్టరు పైనుంచి కిందదాకా చదివి, "ఆస్పత్రికి ఎవరు పోయారు?" అన్నాడు. "ఇందులో పైనున్నాయన" అన్నాను. రెండోరోజు కంపెనీ బస్సు గ్యాంగ్ మొత్తాన్ని ఎక్కించుకుని దుబాయ్ ఆస్పత్రికి పోయింది.

పిల్లలూ, అంత తక్కువ మోతాదుకు రక్తంలో ఏ తేడా కనపడదు. అది నాకు ముందే తెలుసు. ముదీర్ బొంబాయి ప్రయాణమూ దండగే. అయినా ఆ పరీక్ష చేయించాల్సిందే. ఒకడికి చేసి ఒకడికి చేయకపోతే, తర్వాత మనం ఎంత నిజం చెప్పినా వినేవాడుండడు.

ముదీర్ తిరిగొచ్చి నన్ను పిలిచాడు. మందలింపు వస్తుందనుకున్నాను కానీ ఆ మాటతో వస్తుందనుకోలా. "ఖాదర్, నా డోసును లేబర్ డోసు పక్కన ఎందుకు రాశావ్?" అన్నాడు. కొలత తప్పని కాదు, అంకె తప్పని కాదు, పక్కన రాశానని! నన్ను దుబాయ్‌లో అల్ ఖూజ్ గోడౌనుకు పంపించేశాడు, ఫిల్ము డబ్బాలకు కాపలా. పోతూ పోతూ ఆయన బొంబాయి రిపోర్టు చూశాను. అడక్కుండానే అందరికీ చూపిస్తున్నాడు, ఏదో పతకం వచ్చినట్టు. రక్తకణాలన్నీ నార్మల్ అని ఉంది.

పోచయ్య తన ఆస్పత్రి కాగితం పట్టుకుని అల్ ఖూజ్‌కు వచ్చాడు. చదివి చెప్పాను, నార్మల్ అని. కూర్చున్నవాడు కదల్లా.

"నార్మల్ అంటే ఏ లెక్కల సాబ్? పాతదాంట్లనా, కొత్తదాంట్లనా?"

"రక్తానికి పాత లెక్క, కొత్త లెక్క లేదు పోచయ్యా. అందరికీ ఒకటే."

"ముదీర్ సాబ్‌కు బొంబాయిల రాసిచ్చింది గూడ గిదేనా? మీరు కండ్లార చూసిండ్రా?"

"చూశాను. అక్షరం తేడా లేదు. నీకేది ఉందో ఆయనకూ అదే."

పోచయ్య కాగితాన్ని ఇంకోసారి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గట్లయితే నమ్ముత సాబ్" అని, ఊరికి పెట్టె కట్టుకోవడానికి లేచాడు.